మెకాంగ్‌కు రెండు ఒడ్డుల నుంచి ఒకే మహమ్మారికి సన్నాహం: నా అనుభవం

2007 ఫిబ్రవరిలో లావోస్ రాజధాని వియంటియాన్ శివార్లకు చెందిన పదిహేనేళ్ల బాలిక జ్వరంతో అక్కడి ఆసుపత్రిలో చేరింది. పరిస్థితి విషమించడంతో ఆమెను మెకాంగ్ నది దాటించి థాయ్‌లాండ్‌లోని నాంగ్‌ఖాయ్ ఆసుపత్రికి తీసుకువచ్చారు. పరీక్షల్లో హెచ్5ఎన్1 అని తేలింది. లావోస్ దేశస్థుల్లో ఈ బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి వ్యక్తి ఆమె. మార్చి 7న ఆమె మరణించింది. జబ్బు పట్టుకున్నది ఒక దేశంలో, దాన్ని గుర్తించింది మరో దేశంలో. ఆమె ఇంటి చుట్టుపక్కల కోళ్లను పరిశీలించవలసిన వారూ, ఆమెకు వైద్యం చేస్తున్న వారూ వేర్వేరు ప్రభుత్వాల ఉద్యోగులు. అలాంటి రోగి మళ్లీ నది దాటి వస్తే, ఆ రోగి నుంచి మరొకరికి వైరస్ పాకుతున్నదన్న అనుమానం కూడా తోడైతే, రెండు ఒడ్డుల వాళ్లు గంటగంటకూ ఏం చేయాలన్నది ముందే కూర్చుని తేల్చుకునే ఒక కసరత్తులో నేను పాల్గొన్నాను. ఆ ప్రక్రియ ఎలా సాగిందో తెలుగు పాఠకులకు వివరంగా చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అప్పట్లో నేను బ్యాంకాక్ కేంద్రంగా పనిచేసే ఒక ప్రజారోగ్య సంస్థలో అంటువ్యాధుల నిఘా విభాగంలో ఉండేదాన్ని. కంబోడియా, లావోస్, మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం, చైనాలోని యునాన్, గ్వాంగ్‌షీ ప్రాంతాలు కలిసి 2001లో ఒప్పందం చేసుకుని మెకాంగ్ పరీవాహక ప్రాంత వ్యాధి నిఘా వ్యవస్థను ఏర్పాటు చేసుకున్నాయి. దీన్ని అందరూ ఎం.బి.డి.ఎస్. అంటారు. ఈ ఆరు దేశాల్లో కొన్నింటి మధ్య యుద్ధాలు జరిగిన జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. అయినా ఆరోగ్య శాఖల వాళ్లు ముందుగా సరిహద్దు జిల్లాల మధ్య డెంగీ, టైఫాయిడ్ వంటి మామూలు జబ్బుల సమాచారం ఇచ్చిపుచ్చుకోవడంతో మొదలుపెట్టారు. ఆ అలవాటు పడ్డాకే మహమ్మారి గురించి మాట్లాడుకోగలిగారని నా నమ్మకం. దేశాలు ముందు ఎవరికి వారు, ఆ తరువాత 2007 మార్చిలో కంబోడియాలోని సియెమ్ రీప్‌లో అందరూ కలిసి ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారిపై టేబుల్‌టాప్ కసరత్తు నిర్వహించారు. టేబుల్‌టాప్ కసరత్తులో అంబులెన్సులు కదలవు, సైరన్లు మోగవు. ఒక కల్పిత సంఘటనను విడతలు విడతలుగా చెబుతూ పోతుంటే, బల్లల చుట్టూ కూర్చున్న అధికారులు తమ తమ హోదాల్లో ఏ నిర్ణయం తీసుకుంటారో, ఎవరి అనుమతితో తీసుకుంటారో చెప్పాలి. సియెమ్ రీప్‌లో దేశాల స్థాయిలో జరిగిన ఈ పనిని సరిహద్దు రాష్ట్రాల స్థాయికి దించాలన్న ఆలోచనలో భాగంగా, థాయ్‌లాండ్‌లోని ముక్దాహాన్, లావోస్‌లోని సావన్నాఖేత్ అధికారులు కలిసి చేసిన చిన్న కసరత్తుకు సన్నివేశం రాసే బృందంలో నన్ను వేశారు.

ముక్దాహాన్, సావన్నాఖేత్ పట్టణాలు నదికి అటూ ఇటూ ఎదురెదురుగా ఉంటాయి. వాటిని కలిపే రెండవ మైత్రీ వంతెనను 2006 డిసెంబరులో ప్రారంభించారు. దానితో తూర్పున వియత్నాం సముద్రతీరం దాకా లారీలు నేరుగా వెళ్లే దారి ఏర్పడింది. సన్నివేశం రాయడానికి ముందు రెండు వైపులా తిరిగి చూడాలని మా బృందం నాయకుడు పట్టుబట్టారు, అది చాలా మంచిదయింది. ఆసుపత్రి, సంత, వంతెన మీది కస్టమ్స్ కార్యాలయం చూశాం; అవి ఎలాగూ కాగితాల్లో ఉన్నవే. కాగితాల్లో లేనివి పడవల రేవులు. పాస్‌పోర్టు అవసరం లేకుండా చుట్టాలను చూడడానికి, వరి కోతకు, ఒక బుట్ట కోళ్లు అమ్ముకోవడానికి నది దాటేవాళ్లు ప్రతి ఊరికీ ఉన్నారు. కోత అయిన పొలాల్లో బాతుల మందలను మేపుకుంటూ ఊరూరా తిరిగేవాళ్లను చూసినప్పుడు నాకు మా గోదావరి జిల్లాల బాతుల కాపరులే కళ్ల ముందు మెదిలారు. వైరస్‌ను పెద్దగా జబ్బు పడకుండానే మోయగలిగేవి బాతులు. వాటి దారి ఏ వంతెన మీదుగానూ పోదు.

కసరత్తు రోజున ఒక హాలులో బల్లలు వేశారు. ఆరోగ్య శాఖ, పశువైద్య శాఖ, ఆసుపత్రి, కస్టమ్స్ మరియు ఇమ్మిగ్రేషన్, రాష్ట్ర గవర్నర్ కార్యాలయం, ఇలా ప్రతి బల్లకూ రెండు దేశాల వాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టారు. ఈశాన్య థాయ్‌లాండ్ వాళ్ల మాట, లావో భాష బాగా దగ్గరివి కావడంతో వాళ్లు నేరుగా మాట్లాడుకున్నారు. దుభాషి అవసరం పడింది నాలాంటి వాళ్లకే. మేం రాసిన సన్నివేశంలో సావన్నాఖేత్ దగ్గరి ఒక పల్లెలో కోళ్లు చనిపోతాయి, వాటిని పాతిపెట్టిన రైతు తీవ్రమైన ఆయాసంతో ముక్దాహాన్ ఆసుపత్రికి వస్తాడు, కొద్ది రోజులకు అతని భార్యకూ, ఆ తరువాత అతన్ని చూసుకున్న నర్సుకూ జ్వరం వస్తుంది. నర్సు కోళ్లను ముట్టుకోలేదు. మనిషి నుంచి మనిషికి పాకుతున్నదన్న అనుమానం అక్కడ మొదలవుతుంది.

సన్నివేశం మొదటి విడత ఉన్న కవరు విప్పగానే వచ్చిన ప్రశ్న, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి. నియమం ప్రకారం ముక్దాహాన్ అధికారి బ్యాంకాక్ పక్కనే నాంతబురిలో ఉన్న తమ ఆరోగ్య మంత్రిత్వ శాఖకు చెప్పాలి, ఆ శాఖ వియంటియాన్‌లోని మంత్రిత్వ శాఖకు చెప్పాలి, వారు సావన్నాఖేత్‌కు చెప్పాలి. నది వెడల్పు దాటవలసిన కబురు రెండు రాజధానులు చుట్టి రావాలన్నమాట. థాయ్ అధికారి ఒకరు లేచి, తాను ముందు ఎదుటి ఒడ్డున ఉన్న డాక్టరు గారి మొబైల్‌కు ఫోన్ చేస్తానని నిజాయితీగా చెప్పారు. ఆ డాక్టరు గారు అదే బల్ల దగ్గర ఉన్నారు. ఆయన చెప్పిన జవాబును నేను మాటకు మాట రాసుకున్నాను: "మీరు ఫోన్ చేస్తే నేను నమ్ముతాను. కానీ ఫోన్ మాట మీద నేను పల్లెకు బండి పంపలేను, దానికి కాగితం కావాలి." స్నేహం ఉంది, దానికి అధికారిక ఆధారం లేదు. చాలాసేపు చర్చించాక రెండు రాష్ట్రాల అధికారులు అనుమానం దశలోనే ఒక పేజీ ఫారం నేరుగా ఒకరికొకరు పంపుకోవచ్చని, అదే క్షణంలో రెండు రాజధానులకూ దాని ప్రతి వెళ్లాలని, పత్రికలకు చెప్పే అధికారం, ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేసే బాధ్యత మాత్రం రాజధానుల దగ్గరే ఉండాలని ఒప్పుకున్నారు. సవరించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2007 జూన్ 15న అమల్లోకి వచ్చాయి. ఆందోళనకరమైన సంఘటన అని అంచనాకు వచ్చిన 24 గంటల్లో దేశం ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెప్పాలని అందులో ఉంది. జిల్లా నుంచి రాజధానికి కబురు చేరడానికే రోజులు పడితే ఆ 24 గంటలకు అర్థం ఉండదు కాబట్టి, ఆ రోజు ఒప్పుకున్న ఒక్క పేజీని నేను చాలా పెద్ద విషయంగా భావిస్తాను.

తరువాతి చిక్కు నమూనాల దగ్గర వచ్చింది. పల్లెలో జ్వరం ఉన్న మిగిలిన వాళ్ల గొంతు స్వాబ్‌లు తీస్తే వాటిని వియంటియాన్‌కు రోడ్డు మీద పంపాలా, వంతెన దాటించి థాయ్ ప్రయోగశాలకు పంపాలా? స్వాబ్‌ను తగిన ద్రావణంలో, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచి రెండు మూడు రోజుల్లో ప్రయోగశాలకు చేర్చాలి. ఆలస్యమైతే మైనస్ 70 డిగ్రీల్లో గడ్డకట్టించాలి, ఆ సదుపాయం పల్లెల్లో ఉండదు. వంతెన దారే సులువని వైద్యులందరూ అన్నారు. అప్పుడు కస్టమ్స్ బల్ల నుంచి ఒక అధికారి, రోగి నమూనా ఉన్న పెట్టెను ఏ అనుమతి పత్రం లేకుండా తాను వంతెన దాటనివ్వనని, అలా వదిలితే తన ఉద్యోగం పోతుందని చెప్పారు. హాలులో కొందరు విసుక్కున్నారు. నాకు మాత్రం ఆ రోజు వచ్చినవాళ్లలో అత్యంత విలువైన మాట చెప్పింది ఆయనే అనిపించింది. వైద్యుల సమావేశాలకు కస్టమ్స్ వాళ్లను పిలవకపోతే ఈ అడ్డంకి నిజమైన పెట్టె మంచుగడ్డలతో వంతెన మీద ఆగినప్పుడు గానీ తెలిసేది కాదు. మూడు పొరల ప్యాకింగ్, పైన అంతర్జాతీయ గుర్తు, ముందే రెండు వైపులా సంతకాలు చేసి పెట్టుకున్న అనుమతి లేఖ ఉంటే పెట్టెను ఆపకుండా పంపవచ్చని ఆయనే మార్గం చెప్పారు. నమూనా దాటినా దాని ఫలితాన్ని ప్రకటించే హక్కు మాత్రం లావోస్‌దే అన్న వాక్యాన్ని సావన్నాఖేత్ వాళ్లు పట్టుబట్టి రాయించుకున్నారు, అది న్యాయమే.

మధ్యాహ్నం అంతా ఒక వృత్తం చుట్టూ తిరిగింది. 2005లో వెలువడిన రెండు గణిత నమూనా అధ్యయనాలు థాయ్‌లాండ్ జనాభా విస్తరణ ఆధారంగా లెక్కలు వేసి, కొత్త ఇన్‌ఫ్లూయెంజా మనుషుల్లో పాకడం మొదలైన చోటే వెంటనే గుర్తించి, చుట్టుపక్కల జనానికి ముందుజాగ్రత్తగా ఔషధం ఇచ్చి, రాకపోకలు తగ్గిస్తే మహమ్మారిని మొగ్గలోనే ఆపే అవకాశం ఉందని చూపాయి. ఆ ఆలోచన ఆధారంగానే టామిఫ్లూ అన్న పేరుతో అందరికీ తెలిసిన ఒసెల్టామివిర్‌ను తయారీ సంస్థ 30 లక్షల కోర్సుల మేరకు ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చింది. ఆసియాన్ దేశాల కోసం జపాన్ సాయంతో మరో 5 లక్షల కోర్సులు సింగపూర్‌లో నిల్వ చేశారు. కాగితం మీద ఇది చాలా స్పష్టంగా ఉంటుంది: మొదటి రోగి ఇంటిని కేంద్రంగా పెట్టి వృత్తం గీయడం, లోపలి వాళ్లకు మందు ఇవ్వడం. మేం గోడకు తగిలించిన పటం మీద ఒక యువ వైద్యురాలు ఆ వృత్తాన్ని గీశారు. దాదాపు సగం నదికి అటూ, సగం ఇటూ పడింది.

ఆ తరువాత వచ్చిన ప్రశ్నలకు ఏ ప్రణాళికలోనూ జవాబు లేదు. ఒక దేశానికి నిల్వ నుంచి మందు ముందే చేరి, రెండో దేశానికి రెండు రోజులు ఆలస్యమైతే, మొదటి దేశం తన వాటా నుంచి ఎదుటి ఒడ్డుకు ఇవ్వవచ్చా? ఇస్తే ఎవరి సంతకంతో? ముందుజాగ్రత్త కోర్సు అంటే మనిషికి రోజుకొకటి చొప్పున పది మాత్రలు. అవి పంచడానికి థాయ్ పల్లెల్లో ఆరోగ్య స్వచ్ఛంద కార్యకర్తల పెద్ద యంత్రాంగం ఉంది, ప్రతి కార్యకర్తకూ తన ఇళ్లేవో తెలుసు. ఎదుటి ఒడ్డున అంతమంది లేరు. కార్యకర్తలు నది దాటి సాయం చేయవచ్చా, వాళ్లకు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? వృత్తం లోపల ఉండి, పని కోసం రోజూ వృత్తం బయటికి, అంటే పక్క దేశానికి వెళ్లేవాళ్లకు పది రోజుల తిండి ఎవరు పెడతారు? ఈ చివరి ప్రశ్న అడిగింది వైద్యులు కాదు, గవర్నర్ కార్యాలయం నుంచి వచ్చిన ఆవిడ. జనాన్ని ఇళ్లలో ఉండమని చెప్పే ముందు బియ్యం ఎక్కడ నుంచి వస్తుందో చెప్పాలని ఆవిడ గట్టిగా అన్నారు. కొవిడ్ కాలంలో మన దేశంలో రోడ్ల వెంట నడిచిన వలస కూలీలను చూసినప్పుడు నాకు ఆవిడ ప్రశ్న గుర్తుకు వచ్చింది. మందు సర్దుబాటు మాత్రం తేలింది: ఇచ్చిన పరిమాణాన్ని తరువాత జాతీయ నిల్వల మధ్య సరిచేసుకునే షరతుతో, ఆసుపత్రి సిబ్బందికి సరిపడా కొద్ది మొత్తాన్ని మాత్రమే స్థానికంగా ఇచ్చిపుచ్చుకోవచ్చని రాసుకున్నారు. పల్లెల మొత్తానికి సరిపడే నిల్వ విషయం రాజధానులకు నివేదించారు.

వంతెన మూసేయాలా అన్న చర్చ తీవ్రంగా సాగుతుందని నేను అనుకున్నాను కానీ, సరిహద్దులో పనిచేసేవాళ్లలో దానికి మద్దతు చాలా తక్కువ. వంతెన మూస్తే జనం ఆగరని, రేవుల నుంచి పడవల్లో దాటుతారని, అప్పుడు జ్వరం ఎవరికి ఉందో చూసే మనిషే ఉండడని ఇమ్మిగ్రేషన్ అధికారులు ఒకే గొంతుతో చెప్పారు. మూసే ఆదేశం వస్తే అది రాజకీయ నాయకుల నుంచే వస్తుందని వాళ్లకు తెలుసు. అందుకే మూయకుండా ఏం చేయవచ్చో, మూయక తప్పకపోతే రోగులకు, మందులకు, నమూనాలకు, శవాలకు ఏ దారి తెరిచి ఉంచాలో విడిగా రాశారు. మన దగ్గర 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లోని కోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్1 బయటపడినప్పుడు తెలంగాణ తన సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆంధ్రా కోళ్ల లారీలను వెనక్కి పంపింది. వ్యాధి ఉన్న ప్రాంతం నుంచి కోళ్లను రానివ్వకపోవడం సరైన జాగ్రత్తే. దానితో పాటు చెక్‌పోస్టు లేని దారుల్లో ఏం జరుగుతున్నదో రెండు వైపుల పశువైద్యులు ఏ రోజుకారోజు మాట్లాడుకునే ఏర్పాటు కూడా ఉండాలని మెకాంగ్ ఒడ్డున నేర్చుకున్న పాఠం చెబుతుంది.

పశువైద్యుల బల్ల దగ్గర గడిపిన సమయం తక్కువే. ఒక ఒడ్డున చంపిన కోళ్లకు పరిహారం ఎక్కువ, రెండో ఒడ్డున తక్కువ అయితే కోళ్లు రాత్రికి రాత్రే ఎక్కువ ఇచ్చే ఒడ్డుకు చేరతాయని వాళ్లు చెప్పారు; ఆ రేట్లు సమానం చేయడం తమ చేతిలో లేదని కూడా చెప్పారు. పందెం కోళ్లకు థాయ్‌లాండ్‌లో ఒక్కొక్క దానికీ ఆరోగ్య వివరాలతో పాస్‌పోర్టు ఇచ్చే పద్ధతి పెట్టారని విన్నప్పుడు, భీమవరం సంక్రాంతి పందేలు తెలిసిన నాకు అది అమలు చేయదగిన ఆలోచనగానే తోచింది, ఎందుకంటే పందెం కోడి యజమాని దాన్ని చంపుతారన్న భయంతో దాచేస్తాడే తప్ప అప్పగించడు.

కసరత్తు ముగిశాక అసలు శ్రమ మొదలైంది. ఎవరు ఏ నిర్ణయం దగ్గర ఆగిపోయారో, ఎందుకు ఆగారో రాసిన నివేదికను రెండు భాషల్లోనూ ఇంగ్లీషులోనూ తయారు చేసి, రెండు పక్షాలూ ఒప్పుకునే వరకు వాక్యం వాక్యం దిద్దాం. ఆ నివేదికలో అందరూ ఎక్కువగా వాడుకున్నది చివర్లో పెట్టిన ఫోన్ నంబర్ల పట్టిక. అధికారులు బదిలీ అవుతూ ఉంటారు కాబట్టి ఆ పట్టిక త్వరగా పాతబడుతుంది. దాన్ని నిర్ణీత కాలానికొకసారి సరిచూడాలని, అప్పుడప్పుడు ముందు చెప్పకుండా రాత్రివేళ ఫోన్ చేసి ఎదుటి ఒడ్డున ఎవరైనా ఎత్తుతారో లేదో పరీక్షించాలని నిర్ణయించారు. ఖర్చు లేని పని. మొత్తం సన్నాహంలో నేను ఎక్కడికి వెళ్లినా ముందు సూచించేది ఇదే.

2009 ఏప్రిల్‌లో మహమ్మారి నిజంగానే వచ్చింది, మేం ఎదురుచూసిన వైపు నుంచి కాదు. ఆగ్నేయాసియా కోళ్ల నుంచి వస్తుందనుకున్నది ఉత్తర అమెరికాలో పందుల వైరస్‌ల కలయిక నుంచి వచ్చింది. అక్కడ కూడా పొరుగు దేశాల సన్నాహమే ముందుగా పనికొచ్చింది: అమెరికా, కెనడా, మెక్సికో 2007లోనే ఉమ్మడి ప్రణాళిక రాసుకున్నాయి, మెక్సికో పంపిన నమూనాల్లో కొత్త వైరస్‌ను కెనడాలోని విన్నిపెగ్ ప్రయోగశాల గుర్తించింది. థాయ్‌లాండ్‌లో మొదటి రోగులు మే నెలలో బయటపడ్డారు. వాళ్లు మెక్సికో నుంచి విమానంలో వచ్చినవాళ్లు. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిని ప్రకటించే నాటికి థాయ్ బడుల్లో పిల్లలకు జ్వరాలు మొదలయ్యాయి. మేం గోడ మీద గీసిన వృత్తం ఈ వైరస్ విషయంలో పనికిరాలేదు, ఎందుకంటే గుర్తించే సరికే అది అన్ని చోట్లా ఉంది. అయితే ఒక పేజీ ఫారం, ముందే సంతకాలు చేసిన లేఖలు, ఫోన్ పట్టిక వాడుకలోకి వచ్చాయి. ఎవరికి జబ్బు ముదురుతున్నది, గర్భిణులు ఎంతమంది ఆసుపత్రిలో చేరుతున్నారు అన్న సమాచారం రెండు ఒడ్డుల మధ్య నడిచింది. ఏ వైరస్ వస్తుందన్న ఊహ తప్పినా ఎవరు ఎవరితో మాట్లాడాలన్న ఏర్పాటు నిలబడింది.

ఆ హాలులో తేలకుండా మిగిలిన ప్రశ్న ఒకటి ఉంది. లావో వైద్యుడొకరు, "మేం నమూనా ఇస్తాం, దానితో టీకా తయారవుతుంది, అది మా దగ్గరికి ఎప్పుడు వస్తుంది?" అని అడిగారు. అదే ప్రశ్నతో ఇండోనేషియా 2007 ఆరంభంలో హెచ్5ఎన్1 నమూనాలు పంచుకోవడం ఆపేసింది. 2009లో సంపన్న దేశాలు ముందస్తు ఒప్పందాలతో టీకాలు కొనేసుకున్నాయి, విరాళంగా వచ్చిన డోసులు ఎన్నో దేశాలకు 2010లో గానీ అందలేదు. 2011 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌ల పంపిణీకీ, వాటి ప్రయోజనాల పంపిణీకీ ముడిపెడుతూ ఒక ఒప్పంద చట్రాన్ని ఆమోదించింది. 2025 మే 20న మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు కూడా, నమూనాలు ఇచ్చిన దేశాలకు ఏమి దక్కాలన్న అనుబంధాన్ని విడిగా చర్చించడానికి వదిలిపెట్టారు. ఈలోగా కంబోడియాలో 2023 నుంచి మళ్లీ మనుషులకు హెచ్5ఎన్1 సోకుతున్నది, పిల్లలు చనిపోతున్నారు. 2024 మార్చిలో వియత్నాంలో ఒక విద్యార్థి మరణించాడు. 2025 మార్చిలో మన పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో ఇదే వైరస్‌తో కన్నుమూసింది. ఆ అనుబంధం రాసేవాళ్లు టీకా తొలి డోసుల్లో కొంత భాగాన్ని, వైరస్ మొదట కనిపించిన సరిహద్దుకు రెండు వైపులా పనిచేసే నర్సులకు, ప్రయోగశాల సిబ్బందికి, కోళ్లను ఏరివేసే కూలీలకు దేశం ఏదని చూడకుండా కేటాయించాలని నేను కోరుతున్నాను.